ముట్టని గిన్నె

"గొలుసు ఇటివ్వు బావా. కుక్కను నేను తీసుకెళ్తాను" అంది మరదలు, చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలోనే నిలబడి.

గొలుసు అతని చేతిలోనే ఉంది. ఇవ్వలేదు.

"ముందు లోపలికి రా. చూసి మాట్లాడు."

కుక్క వంటగది మూల గిన్నె ముందు కూర్చుని ఉంది. పక్కటెముకలు బయటపడ్డాయి. గిన్నెలో ఉడికించిన కోడిమాంసం, గుమ్మడికాయ ముక్కలు, కాస్త అన్నం చల్లారిపోయి ఉన్నాయి. అది గిన్నెకేసి చూడటం లేదు. వీధి తలుపుకేసి చూస్తోంది.

"ఉప్పేశావా?"

"వెయ్యలేదు."

"ఉల్లిపాయ?"

"కుక్కకి ఉల్లిపాయ పడదు. ఆమాత్రం తెలుసు."

"అబ్బో! అక్క మంచాన పడితే ఒక్క పూట పొయ్యి వెలిగించని మనిషివి. కుక్క పుణ్యమా అని వంట వచ్చిందన్నమాట."

అతను బస్సు డిపోలో ఇంజన్ల కింద పడుకుని పనిచేసే మనిషి. మీద ఏది కారినా తుడుచుకుని లేవడం అలవాటు. భార్య పోయాక తుడుచుకోవడమూ మానేశాడు.

మరదలు కుక్క పక్కన కూలబడింది. చెవులు తిప్పి చూసింది. మెడ కింద, కాలివేళ్ళ సందుల్లో వెంట్రుకలు పాయలు తీసి వెతికింది. పెదవి ఎత్తి చిగుళ్ళు నొక్కింది.

"పిడుదులు లేవు. ఒళ్ళు శుభ్రంగానే ఉంది. నులిపురుగుల మందు వేశావా?"

"వేశాను. పశువుల డాక్టరు కడుపు నొక్కి చూశాడు, నెత్తురు పరీక్ష చేశాడు. రోగం లేదన్నాడు. ఇవాళ కూడా తినకపోతే సెలైన్ పెట్టాలట. ముసలి ప్రాణం, ఆపైన తన చేతుల్లో లేదన్నాడు."

"మరింకా పట్టుకుని వేలాడతావేం? నేనున్నన్నాళ్ళూ తింది కదా. నాతో వస్తే తింటుంది."

అది నిజమే. భార్య పోయాక మరదలు కొన్నాళ్ళు ఇక్కడే ఉండి ఇల్లు చూసుకుంది. కుక్క తిన్నది. ఆమె తన ఇంటికి వెళ్ళిన రోజే తిండి మానేసింది.

"అది మీ అక్క చేతి కుక్క. చెప్పనిదే గిన్నె ముట్టదు" అన్నాడతను. "తిను అన్నాను. కానీయ్ అన్నాను. బతిమాలాను, తిట్టాను. డిపోలో ఒక డ్రైవరు, ఆవిడ చీర చుట్టుకుని పెట్టి చూడమన్నాడు."

"చుట్టుకున్నావా?"

"చుట్టుకున్నాను."

మరదలికి నవ్వు రాబోయి ఆగిపోయింది.

"ఏం చేసింది?"

"కొంగు వాసన చూసింది. మళ్ళీ తలుపుకేసి తిరిగింది." అతను మరదలికేసి చూశాడు. "ఏమని చెప్పాలో నీకు తెలుసు. ఏం నేర్పింది మీ అక్క?"

"అక్క పనిగట్టుకుని నేర్పలేదు. రోజూ విని విని అదే నేర్చుకుంది. ఈ ఇంట్లో ఉన్నవాడివి నువ్వు. నన్నడుగుతావేం?"

"నేనొచ్చేసరికి అది తినేసి పడుకునుండేది. నా కంచం మూత కింద ఉండేది. దానికెప్పుడు పెట్టేదో, ఏమనేదో నేనెక్కడ చూశాను?"

"చూడలేదులే" అంది మరదలు.

అతను గొలుసు చేతికి ఇంకో చుట్టు చుట్టుకున్నాడు.

"దీన్ని ఇచ్చేస్తే ఈ ఇంట్లో ఊపిరి పీల్చేది నేనొక్కణ్ణే."

ఏడుపు గొంతుతో అనలేదు. ఫలానా బస్సుకి బ్రేకు పట్టడం లేదని చెప్పినట్టు అన్నాడు.

మరదలు చెప్పులు విప్పింది. గిన్నె తీసి, పొయ్యి మీద వెచ్చచేసి, వేలు పెట్టి చూసి, మళ్ళీ అదే మూల పెట్టింది. కుక్క కదల్లేదు. గడ్డం కింది నుంచి చొంగ మాత్రం నేల మీదికి తీగలా జారింది.

"చూడు, ఆకలి లేక కాదు."

"మరి ఆ తలుపుకేసి చూపేమిటి? మీ అక్క వస్తుందనుకుంటోందా?"

మరదలు అతని మొహంలోకి ఒకసారి చూసింది. వెంటనే చూపు తిప్పుకుంది.

"నువ్వు బయటికెళ్ళు బావా."

"ఎందుకు?"

"నీ ఎదురుగా అనలేను. వెళ్ళు. తింటే ఇక్కడే ఉంటుంది, తినకపోతే నాతో వస్తుంది. సరేనా?"

అతను వెళ్ళి వీధి తలుపు దగ్గరగా వేసి బయట నిలబడ్డాడు. లోపల ఏదో గుసగుస. ఆ వెంటనే గిన్నె నేలను గీరుకుంటూ జరిగిన చప్పుడు. తర్వాత ఆబగా నాకుతున్న చప్పుడు.

లోపలికి వచ్చాడు. కుక్క మూతి గిన్నెలో ఉంది. తోక ఊగుతోంది. అతని మొహంలో ఏమీ కదల్లేదు. గోడకు ఆనుకున్నాడు.

"ఏమన్నావు?"

"తింటోంది కదా. ఇంకెందుకు?"

"రేపు నేను పెట్టాలి. చెప్పు."

"వద్దు బావా. నా మాట విను, నాతో పంపు. నీకే మంచిది."

"చెప్పమన్నానా!"

మరదలు అతని చేతి నుంచి గొలుసు చుట్లు విప్పి, తీసుకెళ్ళి గోడ మేకుకి తగిలించింది. అటు తిరిగే, అక్క ప్రతి రాత్రీ గిన్నె దగ్గర కూర్చుని అనే మాట, అచ్చం అక్క గొంతుతో అంది.

"ఆయన ఇప్పట్లో రారులేవే. ఇక మనం తినేద్దాం, పట్టు."