వేడెక్కని ఇంజన్

ఇంజన్ ఆయిల్ మజ్జిగలా ఉంది.

మెకానిక్ వెంకట్రాజు దాన్ని సీసాలో పోసి తెచ్చి, గుడి పక్క గదిలో బల్ల మీద పెట్టాడు. ఆదివారం ఆరాధన అప్పుడే అయింది. కైకలూరు సంఘం పెద్దలు నలుగురూ బల్ల చుట్టూ కూర్చున్నారు. సంఘ కార్యదర్శి జేమ్స్ సీసా వంక ఒకసారి చూసి, కిటికీ వైపు తిరిగాడు. నోట్లో లవంగం ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకి మారింది.

పాస్టరు బెంజమిన్ గోడ పక్క కుర్చీలో కూర్చున్నారు. సంఘమంతా ఆయన్ని అయ్యగారు అంటుంది.

"ఇందులో నీళ్లెవరు కలిపారయ్యా?" అన్నాడు యాకోబు. పెద్దల్లో అందరికన్నా వయసులో పెద్దవాడు. చేపల వ్యాపారం.

"ఎవరూ కలపలేదండి. ఇంజన్ తిరిగితే లోపల తేమ పుడద్దండి. బండి ఓ అరగంట ఆగకుండా పరిగెడితే ఇంజన్ బాగా కాగి, ఆ తేమ ఆవిరైపోద్ది. ఇది ఎప్పుడూ కాగలేదండి. స్టార్టు చేయడం, నాలుగు వీధులు పోవడం, ఆపేయడం. మళ్లీ అంతే. తేమంతా ఆయిల్లోనే ఉండిపోయి ఇలా జిగురైపోయింది. ఆయిల్ అందక ఇంజన్ పట్టేసిందండి."

"అంటే దూరాలు తిరగలేదంటావు."

"ఊరు దాటిన బండి కాదండి ఇది." వెంకట్రాజు చేతులు గుడ్డకి తుడుచుకున్నాడు. "ఇంకోటండి. వెనక సీట్లకి ప్లాస్టిక్ కవరు కూడా తీయలేదు. ముందు ఎడమ సీటు మాత్రం నలిగిపోయింది. పూర్తిగా వెనక్కి వాల్చి ఉంది."

దండం పెట్టి వెళ్లిపోయాడు.

కారు సంఘానిది. కొల్లేటి లంకల్లో ఉన్న విశ్వాసుల ఇళ్లకు అయ్యగారు వెళ్లి ప్రార్థన చేసి రావాలని, చేపల చెరువులు పట్టి డబ్బు చేతికొచ్చినప్పుడు తలా కొంత వేసుకుని కొన్నారు.

"లంకలకి వెళ్లలేదా అయ్యగారూ?" అన్నాడు యాకోబు.

"వెళ్లానండి, స్కూటరు మీద. చెరువుల గట్ల మీద కారు తిప్పుకోవడానికి చోటుండదండి. మొదటిసారి తీసుకెళ్లి, గట్టు పొడవునా రివర్సులో వచ్చాను."

నిజమే. కారు కొనేటప్పుడు గట్టు వెడల్పు ఎవరూ అడగలేదు. ఏ రంగు కొనాలన్నదాని మీద మాత్రం ఆదివారాల తరబడి వాదించుకున్నారు.

"సరే. లంకలకి పోలేదు. గుడీ, మీ ఇల్లూ ఒకే ఆవరణ. మరి బండి ఎక్కడికి పోయినట్టు?" యాకోబు కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "మా ఇల్లు ఎదురుగానే కదండీ. నాకు నిద్ర తక్కువ. భోజనాలయ్యాక మీ ఫోన్ మోగుద్ది. బండి బయటికి పోద్ది. కాసేపటికి వచ్చేస్తది. మీరు గేటు దగ్గర ఫోన్లో 'వస్తున్నానమ్మా' అనడం మా కోడలు రూబీ విన్నది. ఎవరండీ ఆ అమ్మ?"

అయ్యగారు తల అడ్డంగా ఊపారు.

జేమ్స్ కర్చీఫ్ తీసి మెడ తుడుచుకున్నాడు. అతని కూతురు నిస్సీకి సంబంధం కుదిర్చింది అయ్యగారే. పెళ్లి వచ్చే నెల. ఏలూరు వాళ్లు, పద్ధతి గల కుటుంబం. అయ్యగారు చెప్పారు కాబట్టి మారుమాట లేకుండా ఒప్పుకున్నారు. అలాంటి మనిషిని ఇప్పుడు అందరి ముందూ నిలబెట్టి అడగాల్సింది సంఘ కార్యదర్శి. అన్నం పెట్టిన చేతిని విరిచినట్టుంది జేమ్స్‌కి.

"అడగండి జేమ్స్ గారూ," అన్నాడు యాకోబు.

"అయ్యగారూ... ఎక్కడికి వెళ్లేవారండీ?" బల్లను చూస్తూ అడిగాడు.

అయ్యగారు జేమ్స్ వంక చాలాసేపు చూశారు.

"చెప్పకూడదండి. నమ్మి చెప్పుకున్నవాళ్ల సంగతి పదిమందిలో పెట్టలేను."

"ఆవిడ పేరొద్దులెండి. వీధి చెప్పండి చాలు," అన్నాడు యాకోబు. ఒకరు నవ్వారు.

జేమ్స్ నవ్వలేదు. ఒక్క మాట అడ్డం వేస్తే చాలు. ఆయన అలాంటి మనిషి కాదు అంటే చాలు. ఆ మాట గొంతు దాకా వచ్చింది. లవంగం కొరికాడు. మాట దిగిపోయింది.

అయ్యగారిని బదిలీ చేయమని పైవాళ్లకు రాయాలన్నాడు యాకోబు. ముందుగా చెయ్యెత్తింది కూడా అతనే. మిగతా ఇద్దరూ ఎత్తారు. ముగ్గురూ జేమ్స్ వైపు చూశారు. జేమ్స్ చెయ్యి కూడా లేచింది. ఎవరి చెయ్యో చూస్తున్నట్టు దాని వంక చూశాడు.

అయ్యగారు లేచి వరండాలోకి నడిచారు. జేమ్స్ వెనకాలే వెళ్లాడు. అక్కడ జేమ్స్ భార్య విక్టోరియా స్తంభం పక్కన నిలబడి ఉంది. లోపలి మాటలన్నీ విన్నట్టుంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"అయ్యగారూ..." అంది.

"వస్తానమ్మా," అన్నారాయన.

జేబులోంచి కారు తాళం తీసి జేమ్స్ చేతిలో పెట్టారు.

"నన్ను క్షమించండి అయ్యగారూ."

"అదేం మాటండీ. నిస్సీ పెళ్లికి నేనుండనేమో. కుర్రాడు మంచివాడు. మీరేం దిగులు పెట్టుకోకండి."

మెట్లు దిగారు. ఏదో గుర్తొచ్చినట్టు ఆగి, వెనక్కి వచ్చి, లోపలివాళ్లకు వినపడకుండా గొంతు తగ్గించారు.

"ఇకనుంచి బ్రాందీ షాపు దగ్గర్నుంచి ఇంటికి మీరు నడిచే వెళ్లాలి కదండీ, ఆ కాలవ మలుపు దగ్గర కాస్త చూసుకోండి."