అమ్మ రాసిన పలక

ఉప్పాడ మునిగిపోయాక ఆ తీరంలో మిగిలిన కూలిపని ఒక్కటే. నడిసముద్రంలో పాడుబడ్డ చమురు బావుల ఇనుము కోసి పైకి తేవాలి. అంత లోతు దిగడం నేర్చుకోవడానికి నూకరత్నం మగ్గం అమ్మేసింది. తల్లి మంగాయమ్మ మెళ్లో గొలుసు గాలి సిలిండర్లకే పోయింది.

దిగడం కంటే పైకి రావడమే కష్టం. తొందరపడితే నెత్తుట్లో బుడగలు పుట్టి ప్రాణం తీస్తాయి. అందుకే దారిలో తాడు పట్టుకుని గంటలకొద్దీ వేలాడాలి. ఆ నిబ్బరం చూడటానికి, దిగడం నేర్పే మేస్టారు ఎప్పుడో ఒకప్పుడు పడవలోంచి దొంగ కబురు రాసిన పలక దింపుతాడు. రాసేది ఇంట్లోవాళ్లే, పరాయి రాత ఎవరినీ కదిలించదు. నిజం కబురైనా ఆ పలక మీదే దిగుతుంది.

ఆ రోజు నూకరత్నానికి పలక దిగింది. వంకర అక్షరాలు అమ్మవే.

"గుండెల్లో నొప్పి. ఊపిరాడట్లేదు. బేగా రా."

చదివింది. చేతి గడియారం చూసుకుంది. తాడు పట్టుకుని అలాగే ఉండిపోయింది.

గడువు తీరి పైకొచ్చేసరికి మంగాయమ్మ పడవలో చద్దన్నం గిన్నెతో కూర్చుని ఉంది.

"నిజంగా నొప్పొచ్చే రాశాననుకోలేదేటే?" అంది నవ్వుతూ.

"నిజమేననుకున్నానమ్మా."

మంగాయమ్మ నవ్వు ఆగిపోయింది. కొంగుతో పలక తుడిచేసి, కూతురి వైపు చూడకుండా అంది.

"మీ పిల్ల నేర్చేసుకుందండీ, మేస్టారూ."