వానలకు ముందు ఆఖరి ట్రిప్పు

“అడవికి పోయే బండి గీడికెల్లేనా?”

తలుపు తోసుకుని లోపలికి వచ్చిన మనిషి కుర్చీకి తగిలి తూలాడు.

కేదార్ కంప్యూటర్ మీంచి తలెత్తాడు. అరవై దాటిన మనిషి. వాచ్‌మన్లు వేసుకునే ఖాకీ చొక్కా, నల్లద్దాలు, చేతిలో కంటి ఆసుపత్రి ఫైలు.

అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల మధ్య, రెండో అంతస్తులో కేదార్ టూర్ల ఆఫీసు. కాన్హా, కాజీరంగా, గిర్, పెరియార్... ఏ నేషనల్ పార్కును ఏ నెలలో చూడాలో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. వానలకు పార్కులు మూసేసే ముందు గోదావరి అవతలి అడవికి ఆఖరి ట్రిప్పు వేశాడు. దానికే నాగేశ్వరిగారు, ఆమె భర్త కృష్ణమోహన్‌గారు వచ్చి పేర్లు రాయిస్తున్నారు.

“ఏంటి పెద్దాయనా, ఎవరు కావాలి?”

“ఎవ్వలొద్దు బిడ్డా. శనివారం పోయే బండిల నాకొక్క సీటియ్యి.”

“అది సఫారీ. జీపులో తిప్పి పులిని చూపిస్తారు.”

“ఎరికే బిడ్డా.”

“కళ్ళకేమైంది?”

“ఎడమది పోయింది. కుడిది జర మసక మసక కనబడతది. అది సుత ఎక్కువ దినాలుండదన్నరు డాక్టర్లు. గందుకే తొందర.”

నాగేశ్వరిగారు తన కుర్చీని కాస్త అవతలికి జరుపుకున్నారు. అది కేదార్ చూశాడు.

“కనబడనివాళ్ళకి పులెందుకు పెద్దాయనా?” అన్నాడు నవ్వుతూ.

కృష్ణమోహన్‌గారు కూడా నవ్వారు.

ఆ మనిషి నవ్వలేదు. కోపమూ తెచ్చుకోలేదు.

“పులి కోసం కాదు బిడ్డా.”

“సీట్లన్నీ అయిపోయాయండీ.”

పక్క టేబుల్ దగ్గర పనిచేసుకుంటున్న మంజూష తలెత్తింది. ఇంకా రెండు సీట్లున్నాయని ఆమెకు తెలుసు.

“ఎవలన్న రాకుంటే ఫోన్ చేయి. నా పేరు పోచయ్య. సనత్‌నగర్ల ఉంట.”

నంబరు రెండుసార్లు చెప్పాడు. మంజూష రాసుకుంది. గోడ పట్టుకుని, ఒక్కో మెట్టే తడుముకుంటూ దిగి వెళ్ళాడు.

శనివారం తెల్లవారగానే పంజాగుట్టలో అందరినీ టెంపో ఎక్కించారు. చివరి వరసలో ఒక సీటు మిగిలిపోయింది.

“సార్, ఆ పెద్దాయనకి ఫోన్ చేద్దామా? సనత్‌నగరేగా, ఆటోలో వచ్చేస్తారు,” అంది మంజూష.

“వస్తే చెయ్యి పట్టుకుని ఎవరు తిప్పుతారు? నువ్వా?”

బండి కదిలింది.

మధ్యాహ్నానికి అడవి గేటు చేరారు. కనకయ్య అనే గైడు ఎదురొచ్చాడు. దిగుతున్న వాళ్ళందరి ముఖాలూ చూశాడు. అందరూ దిగాక బండిలోకి తొంగి చూశాడు.

“మా పోచన్న రాలేదా సార్?”

“ఏ పోచన్న?” అన్నాడు కేదార్, తెలిసినా.

“సనత్‌నగర్ల ఉంటడు. కండ్లు సరిగ్గ కనబడయి. మీ బండిల సీటు దొరికితే వస్తనని ఫోన్ చేసిండు. రేపటికెల్లి అడవి బంద్ గద, మల్ల అక్టోబర్లనే.”

కేదార్‌కి వెంటనే అబద్ధం తట్టలేదు.

“సీటు లేదని చెప్పాను.”

కనకయ్య చివరి వరసలోని ఖాళీ సీటు వైపు చూశాడు.

అతను ఒక మాట అని ఉంటే బాగుండేదనిపించింది కేదార్‌కి. మంజూష దగ్గర నంబరు తీసుకుని పక్కకు వెళ్ళాడు. ఫోన్ ఎత్తింది ఒక అమ్మాయి.

“నేను ఆయన బిడ్డ సంగీతను. చెప్పుండ్రి.”

“అమీర్‌పేట టూర్ల ఆఫీసు నుంచమ్మా. అక్టోబర్ ట్రిప్పులో నాన్నగారికి సీటు పెడతాను. నేనే దగ్గరుండి తీసుకొస్తాను.”



“అక్టోబర్ దాక కన్నుండదన్నా. నెల దినాలే అన్నరు. మీ ఫోన్ వస్తదేమోనని పొద్దుగాల నాలుగింటికే తానం చేసి, చెప్పులేసుకొని కూసున్నడు.”

అవతల ఒక ముసలి గొంతు ఏదో అడగడం వినిపించింది.

“జింకలున్నయా అని అడుగుతుండు నాన్న,” అంది సంగీత.

“చూసి చెబుతానమ్మా,” అన్నాడు.

జీపులు అడవిలోకి కదిలాయి. టేకుచెట్లు దాటగానే, ఒక్కసారిగా పెద్ద పచ్చిక మైదానం. తొలకరికి మొలిచిన గడ్డిలో వందల జింకలు. పిల్లలు తల్లుల చుట్టూ గంతులేస్తున్నాయి. ఒక్కటీ బెదరలేదు.

“అబ్బ, ఎంత బాగుందండీ!” నాగేశ్వరిగారు ఫోటోలు తీస్తూనే ఉన్నారు.

కేదార్ ఫోన్ చూసుకున్నాడు. సిగ్నల్ లేదు.

“కనకయ్యా, పోచయ్యగారు ఇక్కడ ఫారెస్టులో పనిచేశారా?”

“లే సార్. పద్దెనిమిదేండ్లల్ల గీడికి ఒక్కసారి సుత రాలే. మనం పోతే జంతువులు బెదురుతయి అనేటోడు. కన్ను పోతదని తెలిసినంకనే, ఒక్కసారి చూస్తనన్నడు.”

“మరి ఆయనకి ఇక్కడేం పని?”

కనకయ్య జీపు ఆపించాడు. జింకల వైపు చూస్తూ, అవి బెదరకుండా చిన్న గొంతుతో చెప్పాడు.

“పద్దెనిమిదేండ్ల కింద గీడ మా ఊరుండె సార్, అరవై ఇండ్లు, జంతువులకు జాగ కావాలె, లేచి పొండ్రి అని ఫారెస్టోల్లంటే ఎవ్వలం కదలకపోతిమి, అప్పుడు అందరికన్న ముందుగాల తన ఇంటి పెంకులు తనే దించి మమ్ముల అందర్ని బయటికి నడిపిచ్చినోడు మా పోచన్న.”