మనవల పిచ్చి

"ముందు అండాలు. ఆ తర్వాతే మీ మందు," అంది కండక్టరమ్మ.

ఏళ్ల తరబడి బస్సులో అరిచి అరిచి గట్టిపడ్డ గొంతు. గదిలో ఉన్నది ముగ్గురే అయినా ఫుట్‌బోర్డు మీద వేలాడేవాళ్లకి కూడా వినపడేలా చెప్పింది. పక్క కుర్చీలో కోడలు తల వంచుకుని నవ్వాపుకుంది. చెంపల మీద ఎర్రటి దద్దు, వాచిన వేళ్లు. బళ్లో డ్రాయింగ్ టీచరు. ఈ మధ్య సుద్దముక్క పట్టుకోవడమే గగనమైపోయింది.

డాక్టరమ్మ ఓపిగ్గానే చెప్పింది. లూపస్ అంటే ఒంటిని కాపాడాల్సిన బలగమే ఒంటి మీద పడటం. ఇప్పుడది కిడ్నీల దాకా వచ్చింది. గట్టి మందు ఎక్కించాలి. ఆ మందు కిడ్నీలను కాపాడుతుంది గానీ అండాశయాలను దెబ్బతీయొచ్చు.

"అందుకేగా ముందే తీసి దాచమంటున్నా!"

"ఆలస్యమైతే ప్రాణానికే ముప్పమ్మా."

"ప్రాణం మీదకి తెమ్మని ఎవరన్నారు? ఎన్నాళ్లు ఆగొచ్చో మీరే చెప్పండి, ఆలోపే కానిద్దాం."

డాక్టరమ్మ రిపోర్టులు మళ్లీ తిరగేసింది. కిడ్నీలు ప్రస్తుతానికి తట్టుకుంటున్నాయి కాబట్టి రెండు వారాలు చూద్దామంది. అంతకు మించి కుదరదంది. తర్వాత కోడలి వైపు తిరిగింది.

"ఇది నీ కోరికేనా? ఎవరి బలవంతమూ లేదుగా?" అంటూ కండక్టరమ్మను ఓరగా చూసింది.

"పిల్లలు కావాలో వద్దో నేనింకా తేల్చుకోలేదు డాక్టర్," అంది కోడలు. "కానీ వద్దనాలంటే నేననాలి. అనడానికి ఈ జబ్బెవరు?"

"అదీ!" అంది అత్తగారు.

ఆ రెండు వారాలూ ఆవిడ కోడల్ని అంటిపెట్టుకునే ఉంది. పొట్టకి ఇంజెక్షన్లు, రక్తపరీక్షలు, స్కానింగులు. మధ్యలో క్యూలోకి ఎవరైనా దూరారో, వాళ్ల పని అయిపోయిందన్నమాటే. ఆసుపత్రిలో ఆవిడకి 'మనవల పిచ్చి' అని పేరు పెట్టేశారు. ఒంట్లో బాగోని పిల్లని కూడా వదలట్లేదే అని ఆయాలు బుగ్గలు నొక్కుకున్నారు. ఆ మాటలు ఆవిడ చెవిన పడ్డాయి. పడనీ అనుకుంది.

అండాలు తీసే రోజు రానే వచ్చింది. కోడలు స్ట్రెచరెక్కి అత్తగారి చెయ్యి పట్టుకుంది.

"భయంగా ఉందత్తయ్యా."

"భయపడు, పర్లేదు. తగ్గకు, అంతే."

"మీరిక వెళ్లండి. ఇవాళ మీరు లేకపోతే అక్కడేం బాగుంటుంది?"

"నేను లేకపోతే బండేం ఆగిపోదులే. నోర్మూసుకుని పడుకో."

స్ట్రెచర్ లోపలికెళ్లింది. కండక్టరమ్మ తలుపు ముందే నిలబడింది. కూర్చోమన్నా కూర్చోలేదు. ముసలావిణ్ని చూసి నర్సుకి జాలేసింది, కాస్త ఒళ్లూ మండింది.

"ఉత్త అండాల కన్నా పిండాలుగా దాస్తే ఇంకా మంచిదని డాక్టరుగారు చెప్పారు కదమ్మా. మనవల కోసం ఇంత ఆరాటపడే బదులు, ఆ అమ్మాయి మొగుణ్నే ఓసారి రమ్మనకూడదూ?"

"మా వాడెలా వస్తాడే తల్లీ, ఇవాళ వాడి రెండో పెళ్లయితేనూ!" అంది కండక్టరమ్మ, తలుపు మీంచి చూపు తిప్పకుండా.