ఓడ కనిపించే కిటికీ

"ఈసారి మనకి పిల్లలెంతమంది?" వ్యాన్ హ్యాండ్‌బ్రేకు లాగుతూ అడిగాడు డ్వేన్.

"ముగ్గురు," అంది లొరెయిన్ జుట్టు సర్దుకుంటూ. "మాడిసన్‌లో నలుగురన్నావు. పేర్లడిగితే ఇద్దరి దగ్గరే ఆగిపోయావు. తలెత్తుకోలేకపోయాను."

నిజానికి వాళ్ళకి పిల్లల్లేరు. ఇల్లు కొనే ఉద్దేశం అసలే లేదు. ఉన్నదల్లా అయోవా నుంచి తోలుకొచ్చిన పాత వ్యాను, అందులో ఓ పరుపు, ఓ గ్యాసు పొయ్యి. చేతి చమురు వదలకుండా ఊళ్ళు చూడ్డానికి లొరెయిన్ కనిపెట్టిన ఉపాయం ఇది. ఆదివారం మధ్యాహ్నం అమ్మకానికి పెట్టిన ఇళ్ళ తలుపులు అందరికీ తీసే ఉంటాయి. కొనేవాళ్ళలా మొహం పెట్టి వెళ్తే వంటిల్లూ, పెరడూ, వేణ్ణీళ్ళొచ్చే బాత్రూమూ, అదృష్టం బాగుంటే బిస్కెట్లూ. మ్యూజియంలో టిక్కెట్టు కొని చచ్చినవాళ్ళ కుర్చీలు చూడ్డం కంటే బతికున్నవాళ్ళ కుర్చీల్లో ఊరికే కూర్చోవడం మేలు కదా అని ఆవిడ వాదన.

అయితే పెద్ద సరస్సు ఒడ్డునున్న ఈ డులూత్ ఊళ్ళో ఆవిడకి కావలసింది బిస్కెట్లు కాదు, ఓ కిటికీ. వాళ్ళ నాన్న ఇనుప ఖనిజం మోసే ఓడల్లో పనిచేసేవాడు. ఓడ వంతెన కిందుగా రేవులోకి వస్తుంటే, కొండమీది కిటికీల్లో జనం వెచ్చగా కాఫీ తాగుతూ కనిపించేవారట. ఒక్కసారి ఆ కిటికీలో కూర్చుని ఇటు చూడాలనేవాడు. చూడకుండానే పోయాడు. ఆయన బదులు తనైనా చూడాలని లొరెయిన్ పట్టుదల. సరస్సు వైపు హోటల్ గది అద్దె వినగానే డ్వేన్ మర్యాదగా ఫోన్ పెట్టేశాడు. ఇవాళ మధ్యాహ్నం ఓ ఓడ వస్తోంది. రేపు పొద్దున్నే తిరుగు ప్రయాణం.

కొండ సగంలో రెండిళ్ళ మధ్య గడ్డిలో బోర్డు పాతి ఉంది. 'ఇల్లు చూడ్డానికి రండి' అని రాసిన బాణం పచ్చరంగు ఇంటివైపు తిరిగి ఉంది. గాలికి మళ్ళకుండా దాని మొదట్లో ఎవరో బండరాయి కూడా ఆనించారు. పక్కింటి కిటికీలో కోటు వేసుకున్న ఒకావిడ బిస్కెట్ల పళ్ళెం పట్టుకుని రోడ్డు వైపే చూస్తోంది.

"పాపం, వాళ్ళింటికి చుట్టాలు రావాలి కాబోలు," అన్నాడు డ్వేన్.

తలుపు తట్టకముందే తెరుచుకుంది. పేరు ఆర్వో అన్నాడు ముసలాయన. ఒంటిమీద ఉన్ని చొక్కా. బూట్లు విప్పమని, ముందే తీసిపెట్టిన రెండు జతల ఉన్ని చెప్పులు చూపించాడు. ఇల్లంతా ఏలకుల రొట్టె వాసన.

"ఇల్లమ్మేవాడు రొట్టె కాల్చాడంటే పైకప్పు కారే ముక్కవాసన కప్పెడుతున్నాడన్నమాటే," అని డ్వేన్ లొరెయిన్ చెవిలో గొణిగాడు.

ఆర్వో పిల్లల సంగతి అడిగాడు. ఈసారి డ్వేన్ ముగ్గురి పేర్లూ గడగడా అప్పజెప్పి, ఊపులో ఓ కుక్కని కూడా కలిపాడు. లొరెయిన్ అతని కాలు తొక్కింది.

మేడమీద కిటికీ ఉంది. సరస్సంతా అందులోనే ఉంది. ముందు చిన్న బల్ల, దానిమీద మూడు కప్పులు. ధరెంతని డ్వేన్ మాటవరసకి అడిగితే, రొట్టె చల్లారిపోతుంది ముందు తినమన్నాడు ఆర్వో.

ఓడ ఎంతకీ రాదే. ఇక దయచెయ్యమంటాడేమోనని లొరెయిన్‌కి భయం. కాలక్షేపానికి చలికాలం ఇల్లు వెచ్చగా ఉంటుందా అని అడిగింది, గొట్టాలు గడ్డకడతాయా అని అడిగింది, ఎలకల గురించి కూడా అడిగింది. ఆర్వో ఏ ప్రశ్నకీ విసుక్కోలేదు. ఎలకల గురించైతే చాలాసేపు చెప్పాడు.

చివరికి కూత వినిపించింది. దానికి జవాబుగా వంతెన కూడా కూసి, ఓడకి దారిస్తూ మెల్లగా పైకి లేచింది. కిందుగా ఎర్రటి ఓడ, దాని అంచున పిల్లకాయంత మనిషి నిలబడి కొండవైపు చూస్తున్నాడు. లొరెయిన్ చెయ్యూపింది. కళ్ళు తుడుచుకోవడం కూడా మర్చిపోయి ఊపుతూనే ఉంది.

"మా ఆవిడా ఇలాగే ఊపేది," అన్నాడు ఆర్వో. "ఒక్కణ్ణీ కూర్చుంటే చెయ్యూపబుద్ధి కాదు."

ఇక లొరెయిన్ ఉండబట్టలేకపోయింది. "మేం ఇల్లు కొనడానికి రాలేదండీ. ఆ పిల్లలు కూడా అబద్ధం."

"కుక్క?"

"అదీ అబద్ధమే."

"అయ్యో," అన్నాడు ఆర్వో. "కుక్క ఉంటే బాగుండేది."

కోప్పడలేదు సరికదా, మిగిలిన రొట్టె పొట్లం కట్టి చేతిలో పెట్టాడు. లొరెయిన్‌కి సిగ్గుతో తల వాలిపోయింది. ఇంత మంచి మనిషిని మోసం చేశాం, ఆయన ఇల్లు త్వరగా అమ్ముడుపోతే బాగుండునని మెట్లు దిగుతున్నంతసేపూ గొణుక్కుంది.

వాకిట్లో చూస్తే రాయి జారిపోయి, గాలికి బాణం పక్కింటివైపు మళ్ళింది. ఈ ఒక్క మేలైనా చేసి పోదామని డ్వేన్ వంగి దాన్ని పచ్చ ఇంటివైపు తిప్పబోయాడు. ఆర్వో ఉన్ని చెప్పులతోనే గబగబా వచ్చి, పక్కింటి కిటికీ వైపోసారి చూసి, రాయి తానే ఆనించాడు.

"మెల్లగా బాబూ, ఆవిడ చూస్తుంది," అన్నాడు గొంతు తగ్గించి. "అమ్మకానికున్నది పక్కిల్లు."