బొగ్గు లారీకి స్నానం

"పైపు ముడితే చేతులు ఇరగ్గొడ్త! ఏమనుకుంటున్నరే?"

కంట్రాక్టరు లెక్కలు చూసే మున్షీ లింగమూర్తి అరుపుకు నల్లా దగ్గరున్న ఆడవాళ్లంతా ఒక అడుగు వెనక్కి వేశారు. లస్మవ్వ మాత్రం కదల్లేదు.

గోదావరిఖనిలో ఆ వరస గుడిసెలన్నిటికీ ఉన్నది ఆ ఒక్క నల్లానే. ఎండాకాలం. పొద్దున కాసేపు సన్నటి ధార వస్తుంది, తర్వాత గాలి తప్ప ఏమీ రాదు. ఇవాళ ఆ నల్లాకు మున్షీ రబ్బరు పైపు తగిలించాడు. పైపు రెండో కొస లస్మవ్వ మొగుడు ఎల్లేశం చేతిలో ఉంది. అతని ఎదురుగా, కంట్రాక్టరు విఠల్‌రావు బొగ్గు లారీ నిలబడి ఉంది. ఎల్లేశం రోజూ నడిపేది దాన్నే.

"ఏందయ్యా, లారీకి తానం పోస్తున్నవా? ఇంట్ల కడవల సుక్క లేదు," అంది లస్మవ్వ.

ఎల్లేశం తలెత్తలేదు. "దొర చెప్పిండు. నన్నేం జెయ్యమంటవ్?"

"దొర చెప్తే నా గొంతు గూడ పిసుకుతవా?"

పక్క గుడిసె సుల్తాన్ బీ బిందె చంకన పెట్టుకుని ముందుకు వచ్చింది. "ఎల్లేశం బేటా, మనవనికి జరం. ఒళ్లు కాలిపోతున్నది. నెత్తి మీద తడిబట్ట ఏద్దామంటె నీళ్లు లెవ్వు. జర ఒక్క చెంబెడు పట్టుకోనియ్యి."

ఎల్లేశం పైపును ఆమె బిందె వైపు తిప్పాడు. నీళ్లు బిందె అంచును తాకాయో లేదో, మున్షీ వచ్చి అతని చెయ్యి పట్టుకుని మళ్లీ లారీ మీదికి మళ్లించాడు.

"హైదరాబాదుకెళ్లి పేపరాయన వస్తున్నడు. లారీ పక్కన దొర నిలవడి ఫోటో దిగుతడు. అద్దం లెక్క మెరవాలె. మెరవకుంటె రేపటిసంది నువ్వు ఈ బండెక్కేది లేదు. సమజైందా?"

ఎల్లేశం పళ్లు కొరికాడు. ఆ కోపమంతా లారీ మీద తీర్చుకున్నాడు.

చక్రాల పైరేకుల్లో గడ్డకట్టిన బురదను ఇనుప రేకుతో పెళ్లలు పెళ్లలుగా గీకాడు. గ్రీసూ బొగ్గు పొడీ కలిసి తారులా పట్టిన చోటల్లా కిరసనాయిలు పోసి కొబ్బరి పీచుతో తోమాడు. క్యాబిన్లో దూరి సీటు కిందున్న బీడీ ముక్కలు ఊడ్చాడు, తలుపు మీది పాన్ మరకలు గోళ్లతో గోకాడు. అద్దాలకు సోడా నీళ్లు కొట్టి తుడిచాడు. తోమినకొద్దీ లారీ నల్లటి నీళ్లు కక్కింది. తాగాల్సిన నీళ్లు కళ్లముందే నల్లబడి బురదలో కలుస్తుంటే ఆడవాళ్లు ఖాళీ బిందెలతో చూస్తూ నిలబడ్డారు.

మున్షీ జేబులోంచి రుమాలు తీసి లారీ వెనక చెక్కల మీద రుద్దాడు. రుమాలు నల్లబడింది. దాన్ని ఎల్లేశం ముఖం ముందు ఆడించాడు.

"ఇదేంది? కడిగినవా, నాకినవా?"

"బొగ్గు మోసే బండి, మున్షీ సాబ్. కట్టెలల్లకు ఇంకింది. గది పోదు."

"పోవాలె. మల్ల కడుగు."

ఎల్లేశం మళ్లీ పైపు ఎత్తాడు. సగం చెక్కలు తడిశాయో లేదో, నల్లా గుర్రుమని దగ్గి ఆగిపోయింది. ఇక ఇవాళ్టికి అంతే.

లస్మవ్వ బిందెను నేలకేసి కొట్టింది. "గా లారీనే కట్టుకో! గదే నీకు బువ్వ వండి పెడ్తది!"

సుల్తాన్ బీ ఎల్లేశం వైపు ఒకసారి చూసి, బిందె బోర్లించి దాని మీదే కూలబడింది. పెళ్లాం తిట్లకన్నా ఆ చూపే అతన్ని ఎక్కువ కాల్చింది. లారీ కోసం పక్కన పట్టి పెట్టిన బకెట్టెడు నీళ్లు ఆమెకు ఇవ్వబోతే మున్షీ బకెట్టు లాక్కుని చెక్కల మీద గుమ్మరించాడు.

చివరికి లారీ మెరిసింది. ఇన్నాళ్లూ నల్లదనుకున్న బండి ఆకుపచ్చదని నడిపే ఎల్లేశానికే ఆ పూట తెలిసింది.

జీపు వచ్చి ఆగింది. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటుతో విఠల్‌రావు దిగాడు. వెనకే మెడలో కెమెరాతో పేపరాయన దిగి, లారీని చూసి ఆగిపోయాడు.

"ఇదేమిటండీ? పెళ్లివారి లారీలా ఉంది! నేను రాసేది బొగ్గు కార్మికుల కష్టం గురించి. బొగ్గు అంటని బొగ్గు లారీని చూపిస్తే ఎవరు నమ్ముతారు?"

విఠల్‌రావు ఒక్క క్షణం కూడా తడబడలేదు. ఎల్లేశం మీదికి లేచాడు. "ఎవడు కడుగుమన్నడ్రా దీన్ని? అకల్ లేదా నీకు?"

"నేను అప్పుడే వద్దన్న దొరా," అన్నాడు మున్షీ.

లస్మవ్వ మొగుడి ముఖంలోకే చూస్తోంది.

"గుడ్లప్పగించి ఏం చూస్తున్నవ్? కిందున్న ఆ నల్ల బురద తీస్కొని పుయ్యి! ఎప్పటిలెక్కనే కావాలె!" అని గద్దించాడు విఠల్‌రావు.

ఎల్లేశం వంగాడు. చక్రాల కింది బురదను రెండు దోసిళ్ల నిండా ఎత్తుకుని లేచాడు.

"ఏడికెళ్లి మొదలువెట్టాలె దొరా?" అని నెమ్మదిగా అడిగాడు.

"ఏడికెళ్లన్న మొదలువెట్టు, జల్ది!"

ఎల్లేశం దొర తెల్ల చొక్కాతో మొదలుపెట్టాడు.