పారబోసిన ట్యాంకు

నలభై బిందెలు వరుసలో ఉండగా, నీళ్ళబండివాడు వాల్వు తిప్పి ట్యాంకు మొత్తం మురిక్కాలవలోకి వదిలేశాడు.

మూడు రోజుల తర్వాత వచ్చిన నీళ్ళు అవి.

"ఒరేయ్ ముంగీ! నీకేం పోయేకాలంరా?" టైలరమ్మ బిందె పట్టుకుని పరుగెత్తింది.

ఆరేళ్ళుగా నీళ్ళమ్ముతున్నా ఎవరితోనూ నాలుగు మాటలాడి ఎరగడు. అందుకే వీధి అతనికి ఆ పేరు పెట్టింది.

టైలరమ్మ ఇంట్లో కూతురు పదిరోజుల బాలింత. పసిబిడ్డ గుడ్డలు ఉతకడం మాట అటుంచి, తల్లి గొంతు తడుపుకోవడానికే చుక్క లేదు.

ఆమె బిందెను ధార కింద పెట్టింది. సగం నిండింది.

అతను వచ్చి కాలితో తన్నాడు. బిందె దొర్లిపోయింది.

"నీ కాళ్ళు పడిపోనూ!"

అతను ఏదో చెప్పబోయాడు. నాలుక మడతపడింది. నోటివెంట చొంగ కారింది. ఒళ్ళు తూలింది. అక్కడే, బిందెల మధ్యే, భళ్ళున కక్కాడు.

"ఛీ ఛీ! పొద్దున్నే పీకలదాకా పట్టించి వచ్చాడు," పక్కింటి వదిన కొంగుతో ముక్కు మూసుకుంది. "తాను తాగింది కక్కాడు, మనం తాగేది పారబోశాడు. సరిపోయింది సంబడం!"

టైలరమ్మ విసురుగా ముందుకొచ్చింది. అతని మీద ఉమ్మింది. అదీ చాలక చెప్పు తీసి రెండు వేసింది.

అతను చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. ఆఖరి చుక్క పోయేదాకా ట్యాంకును పట్టుకుని నిలబడ్డాడు. ఆ తర్వాత కుప్పకూలాడు.

ఒక్కరూ ముట్టుకోలేదు. చివరికి అటుగా వచ్చిన ఇటుకల బండివాడు ఎత్తి ఇంటికి చేర్చాడు.

మధ్యాహ్నమైనా టైలరమ్మకు రోత తగ్గలేదు. వాడి పెళ్ళాన్ని నాలుగు కడిగితేగాని మనసు చల్లారదనుకుని బయల్దేరింది.

గుమ్మంలో కాంపౌండరు చేతులు తుడుచుకుంటున్నాడు.

"దిగిందా మత్తు?" అంది.

"సారా కాదమ్మా, పురుగుమందు. ప్రాణం పోయి గంటయింది."

టైలరమ్మ క్షణం తగ్గింది. అంతలోనే కోపం మళ్ళీ ఎగదన్నింది.

"చచ్చేవాడు తన చావేదో తాను చావక, మా నోటికాడి నీళ్ళు నేలపాలు చెయ్యడమెందుకు?"

లోపల్నించి అతని భార్య వచ్చింది. ఏడవడం లేదు.

"చావాలని తాగలేదక్కా. బోరు పక్క చేలో మందు డ్రమ్ము పగిలి బోరు నీళ్ళలోకి దిగిందట. ఇందాకే ఆ చేనువాళ్ళు వచ్చి చెప్పిపోయారు. ట్యాంకు నింపేటప్పుడు ఆయనకూ తెలీదు."

"మరి ఆ నీళ్ళు ఆయనెందుకు తాగాడు?"

"రోజూ తాగుతాడు. బోరు దగ్గర తొలి గ్లాసు తనే తాగి, దారి పొడుగునా కడుపు కుదురుగా ఉంటేనే, మీ బిందెల్లోకి వదులుతాడు."